కరువులో లేచిన గోపురం

మెదక్ చర్చిని చూసొచ్చినవాళ్లెవరైనా ముందు లెక్కలే చెబుతారు. వెడల్పు 100 అడుగులు, పొడవు 200, గంట గోపురం 175 అడుగులు, లోపల 5,000 మంది పడతారు! నిజమే. కానీ పెళ్లి విందులో ఎన్ని వంటకాలో చెప్తే రుచి తెలిసినట్టా?

నాకు మాత్రం ముందు కలిగింది సందేహం. దీన్ని కట్టించిన చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర వెస్లియన్ మెథడిస్టు. ఆ శాఖకు మూలపురుషుడు జాన్ వెస్లీ, 18వ శతాబ్దపు ఇంగ్లండులో ఆరుబయట పొలాల్లో నిలబడి బోధించిన మనిషి. ఆయన వారసులకింత గోపురం దేనికండీ? అందులోనూ కరువు రోజుల్లో!

జవాబు ఆ కరువులోనే ఉంది. 1914లో మొదలైన పని, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయ్యేదాకా పదేళ్లు సాగింది. పనిచేసినవాళ్లకి తిండి దొరికింది. ఊరికే పోసే గంజికన్నా కష్టపడి తెచ్చుకున్న నాలుగు గింజలకి పొయ్యి దగ్గర ఎంత గౌరవమో ఆడవాళ్లకి వేరే చెప్పాలా?

ఇక కట్టడం గోతిక్ పద్ధతి. కోసుగా లేచే కమానులు చూపుని కిందుండనివ్వవు. అయినా నాకు నచ్చినవి నున్నగా చెక్కిన బూడిదరంగు రాతి స్తంభాలే. గుండ్లకీ బండలకీ కొదవలేని మా రామసముద్రం వైపువాళ్లకి రాతిని లొంగదీయడమంటే ఏమిటో తెలుసు. నేలమీది రంగుల పలకలు బ్రిటన్ నుంచి వచ్చాయి, పరిచింది ఇటలీ పనివాళ్లు.

రంగు అద్దాల కిటికీలు మూడూ ఫ్రాంక్ సాలిస్‌బరీ చిత్రకల్పనలే. క్రీస్తు ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో అమరాయి. గృహప్రవేశమయ్యాక కూడా ఇల్లు అమరుతూనే ఉంటుందే, అలాగన్నమాట! పగలు బయటినుంచి చూస్తే ఈ అద్దాలు నల్లగా, ముభావంగా ఉంటాయి. లోపలికెళ్లినవాళ్లకే రంగులు.

నాకున్న ఫిర్యాదు కట్టడం మీద కాదు, మనం చెప్పుకునే కథ మీద. అందులో దొరకి పేరుంది, చిత్రకారుడికి పేరుంది. రాళ్లెత్తినవాళ్లంతా కలిపి ఒక్క మాట, ‘కూలీలు’.

వెళ్తే పగటిపూట వెళ్లండి. అద్దాలు చూశాక, ఒక్క నిమిషం ఆ స్తంభం మీద చెయ్యి వేయండి. అది వాళ్ల సంతకం.