రాత్రి గడ్డకట్టిన మంచు

కొలరాడో పర్వతములలో ఏప్రిల్ మాసము ప్రవేశించినది మొదలు, లిఫ్టులుగాని గస్తీవారుగాని లేని వాలులపై స్కీలు తొడిగి సంచరించువారు తెల్లవారుజామున రెండుమూడు గంటలకే మేల్కాంచి, కాఫీకి నీళ్లు పెట్టుటకు ముందుగానే తలుపు తెఱచి ఆకసమువంక చూతురు; పండ్రెండేండ్లనుండి నేనును ఆ పనియే చేయుచున్నాను. చుక్కలు నిర్మలముగ కనబడెనేని, గాలి శూన్యడిగ్రీలకు దిగకున్నను, మంచు తన యుష్ణమును రాత్రియంతయు ఆకసమునకు విడిచి పైపొరను పెంకువలె గట్టిపఱచుకొనును. మబ్బు కప్పినచో ఆ యుష్ణము మరలివచ్చును. నిన్నటి యెండకు కరగిన నీరు పొరల నడుమ నట్లే నిలుచును. అట్టి యుదయమున నేను తిరిగి పరుండెదను.

గడ్డకట్టిన వాలును చీకటితోనే యెక్కి, బర్థడ్ పాస్ చెంత శిఖరముపై ఎండకొఱకు వేచియుండుటయందలి యానందమును నేను మఱియెందును ఎఱుగను. సూర్యుడు తూర్పువాలును ముందు, దక్షిణమును తరువాత, పడమటిని చివరగను తాకును. పెంకుపై ఒకటి రెండంగుళములు మెత్తబడి, మొక్కజొన్నగింజలవంటి కణములు స్కీలక్రింద సరసరలాడు ఆ ఘడియకై మేమందఱము నిద్ర మానుకొందుము. ఆ ఘడియ నిలువదు. నైరృతి ఎడారులనుండి వసంతపు గాలి మోసికొనివచ్చిన ఎఱ్ఱదుమ్ము మంచుపై పఱచుకొన్న యేట, మంచు ఎండను మఱింతగ గ్రహించుటచే, అది యింకను త్వరగ గడచిపోవును. ఆ పిమ్మట, 30 మొదలు 45 డిగ్రీల వాలుపై నానిన మంచు పట్టు వదలి జాఱును. పొడిమంచుకంటె మెల్లగ వచ్చినను, ఆగినంతనే పార దిగనంత గట్టిపడును.

ఒక యేట, సహచరుని స్కీపట్టీ తెగుటచే జాగై, పదునొకండు గంటలకు మేము తూర్పువాలు మీదనే యుంటిమి. బూటు చీలమండ దాటి దిగుచుండెను; రాళ్లచెంతనుండి మంచుబంతులు తమంతదామె దొర్లుచుండెను. ఈ రెండింటిలో ఏ యొక్కటి కనబడినను దిగిపోవలెనని నేనే పలువురకు చెప్పియుంటిని. అయినను, ఇంకొక్క వాలు మాత్రమే గదా యని సాగితిని. బరువుబండి దొర్లినట్టి మ్రోత వినవచ్చి, ఉదయము మేమెక్కివచ్చిన జాడ మా కన్నుల యెదుటనే పూడిపోయెను.

గడియారమును కాచుకొన్నంతమాత్రమున వసంతము నిరపాయమని తలపరాదు. 2013 ఏప్రిల్ 20వ తేదీన లవ్‌లాండ్ పాస్ సమీపమున షీప్ క్రీక్‌లో మంచుచరియ విఱిగిపడి ఐదుగురు మరణించిరి. శీతకాలమున నేలనంటి పంచదారపలుకులవలె మాఱిన బలహీనపుపొర, వసంతమున కురిసిన క్రొత్తమంచు బరువు నోర్వజాలకపోయెను. పూడుకొన్నవానిని పావుగంటలోపల వెలికిదీయకున్న ప్రాణము దక్కుట దుర్లభము. అంతలో రక్షకదళము రాజాలదు గనుక ప్రక్కనున్న మిత్రుడే, పూడినవాని జాడ తెలుపు బీకనుతో వెదకి, పారతో త్రవ్వవలెను. నాడు షీప్ క్రీక్‌లో ఆ బృందమునందలి ఆఱుగురును ఒక్కమాఱే చిక్కుకొనిరి. త్రవ్వుటకు ఎవరును మిగులలేదు.

డెన్వర్ పరిసరములందు ఉద్యోగములు చేయుచు, వారాంతములలో స్కీ నేర్చి, ఈ వాలులవైపు చూచుచున్న మన తెలుగు యువతీయువకులకు నాదొక మనవి: కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ ప్రకటించు హెచ్చరికను బయలుదేఱుటకు ముందు చదువుడు, వాలును ఒక్కొక్కరుగ దాటుడు, ఎండ ముదురకమునుపే కారువద్దకు తిరిగిరండు.