గ్రైండర్ ఎక్కడ ఆగాలి?

ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు జీఐ (భౌగోళిక) గుర్తింపు ఉంది. బనగానపల్లె మామిడికి 2017లో వచ్చింది. గొప్పే. కానీ ఆ గుర్తింపు దేన్ని కాపాడుతుందని అడిగి చూడండి, మావైపు నీళ్లు నమిలేవాళ్లే ఎక్కువ.

ఇటలీ వాళ్లకు ఆ తడబాటు లేదు. కియాంటీ క్లాసికో అనే వైన్ సంగతే చూడండి (వైన్‌తో మనకేం పని అనకండి, పని రూలుతో). కియాంటీ హద్దులను 1716లోనే అక్కడి ప్రభువు మూడో కోసిమో గీశాడు. ఇప్పుడైతే సాంజోవేజే రకం ద్రాక్ష కనీసం 80 శాతం ఉండాలి, ఎకరాకు మూడు టన్నులు దాటి పండించకూడదు. రుచి చూసేవాళ్లు సరేనంటేనే సీసా మీద నల్ల కోడిపుంజు ముద్ర పడేది. అలాగని రూలు రాతి మీది గీతేమీ కాదు. తెల్లద్రాక్ష కలిపి తీరాలన్న పాత నిబంధన నచ్చక వైన్ తయారుచేసే ఆంటినోరి కుటుంబం 1970లలో ఆ పేరే వదులుకుని, తన టిన్యానెల్లో వైన్‌ను మామూలు టేబుల్ వైన్‌గా అమ్మింది. కొన్నాళ్లకు రూలే దిగొచ్చింది. 2006 నుంచి తెల్లద్రాక్ష కలపడమే నిషేధం.

మన 1999 జీఐ చట్టం ఇంత బిగువు కాదు. చేసిన వస్తువైతే ఉత్పత్తి, ప్రాసెసింగ్, తయారీల్లో ఒక్కటి ఆ ప్రాంతంలో జరిగినా చాలు. చట్టం వరకైతే, రాయి ఎక్కడిదైనా ఉలి ఆళ్లగడ్డలో ఆడితే సరిపోతుందన్నమాట.

అసలు కట్టడి శిల్పి చేతిలో ఉంది. రాయిని సుత్తితో తట్టి చెవి పెడతాడు. కంచులా ఖంగుమంటే విగ్రహానికి, డొల్లగా పలికితే పక్కకి. తర్వాత తాళమానం, అంటే శిల్పశాస్త్రం చెప్పిన కొలతల లెక్క. ఉత్తమ దశతాళం అనే కొలతలో విగ్రహం ఎత్తు 124 అంగుళాలు. ఇది టేపు మీది అంగుళం కాదు, ఆ విగ్రహం ఎత్తులోనే 124వ వంతు. అందుకే జానెడు బొమ్మకైనా నిలువెత్తు మూర్తికైనా ముక్కు, గడ్డం లెక్క తప్పదు.

శాస్త్రం రాసిననాడు కరెంటు లేదు, గ్రైండర్ మాట అందులో ఎక్కణ్ణించి వస్తుంది? షెడ్డులో మాత్రం ముందు వినపడేది దాని రొదే. వద్దనడం అన్యాయం, మోటుపనికి ఉలితో నడుము విరగ్గొట్టుకోమని చెప్పడానికి నేనెవర్ని? కంప్యూటర్ మిషన్ చెక్కిన బొమ్మకూ ఆళ్లగడ్డ పేరే పెట్టి అమ్మితే మాత్రం నాకు మింగుడుపడదు. మిషన్ ఎంతవరకు రావచ్చో శిల్పులే కూర్చుని రాసుకోవాలి. నన్నడిగితే మెడ కిందివరకు. ముఖం పని ఉలిదే.