కార్ల రేడియోల్లో గడిచిన రాత్రి

1973 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని నార్త్‌పాయింట్ థియేటర్లో ‘అమెరికన్ గ్రాఫిటీ’ని ముందస్తుగా జనానికి చూపించారు. హాలు హాలంతా హుషారెక్కింది. ఆట ముగిశాక యూనివర్సల్ స్టూడియో అధికారి నెడ్ టానెన్ మాత్రం ఇది విడుదలకు పనికిరాదని తేల్చేశాడు. నిర్మాత ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలాకు ఒళ్లు మండింది. అంత నచ్చకపోతే సినిమా తనకే అమ్మేయమని, చెక్కు ఇప్పుడే రాసిస్తానని గొడవకు దిగాడు. ఒకే హాల్లో ఒకే ఆట చూసినవాళ్ల మధ్య మొదలైన ఆ తగువు యాభై ఏళ్లు దాటినా తీరలేదు.

కథ చిన్నది. 1962 వేసవి చివర, కాలిఫోర్నియాలోని మొడెస్టో అనే ఊళ్లో ఒక్క రాత్రి. హైస్కూలు చదువు ముగిసిన కర్ట్, స్టీవ్ అనే స్నేహితులు తెల్లారితే విమానమెక్కి దూరాన కాలేజీకి పోవాలి. వెళ్లనా వద్దా అని కర్ట్ ఊగిసలాడుతుంటాడు. జాన్ మిల్నర్ కార్ల పందెంలో ఓటమి ఎరుగనివాడు. ఇరవై రెండేళ్లు వచ్చినా ఇంకా స్కూలు పిల్లలతోనే తిరుగుతుంటాడు. కళ్లద్దాల టెర్రీకి స్టీవ్ తన కారు అప్పగిస్తాడు, ఇక ఆ రాత్రికి వాడిని పట్టలేం. తెల్లారేసరికి వెళ్తానన్న స్టీవ్ ఆగిపోతాడు, వెనకాడిన కర్ట్ వెళ్లిపోతాడు.

కుర్రాళ్లు కార్లేసుకుని ఊరు చుట్టడం తప్ప ఇందులో ఏముంది అని పెదవి విరిచేవాళ్లు ఉన్నారు. తమ పదిహేడేళ్ల వయసు తెర మీద కనబడిందని పొంగిపోయినవాళ్లు ఉన్నారు. విమర్శకుడు రోజర్ ఈబర్ట్ నాలుగు నక్షత్రాలిచ్చి, తన మొదటి కారును గుర్తు చేసుకుంటూ సమీక్ష రాశాడు. మరో విమర్శకురాలు పౌలీన్ కేల్ మాత్రం ఈ జ్ఞాపకాలు ఎవరివని గట్టిగా నిలదీసింది. ఇవి తెల్లజాతి మధ్యతరగతి మగపిల్లల జ్ఞాపకాలే కదా, ఆడవాళ్లకూ నల్లవాళ్లకూ పేదవాళ్లకూ ఇందులో చోటెక్కడ అన్నది ఆమె అభ్యంతరం. దాన్ని తీసిపారేయడానికి లేదు, మళ్లీ అక్కడికి వస్తాను. కానీ ఇది వట్టి తీపి గుర్తుల మూట అన్న మాట మాత్రం ఒప్పుకోలేను. అలా అనేవాళ్లు ఈ సినిమాను చూశారు కానీ చెవిపెట్టి వినలేదు.

ఇందులో నేపథ్య సంగీతం లేదు. ఉన్నవి నలభై పైచిలుకు పాత పాటలు. సినిమా కోసం కట్టినవి కావు, అప్పటికే జనం నోళ్లలో నానినవి. స్క్రిప్టు రాసేటప్పుడే దర్శకుడు జార్జ్ లూకాస్ ఒక్కో సన్నివేశానికి ఒక్కో పాట ఎంచి పెట్టుకున్నాడు. హక్కుల కోసం అన్ని కంపెనీలకూ ఒకే రేటు ఇస్తామన్నారు. ఎల్విస్ ప్రెస్లీ పాటల హక్కులున్న ఆర్‌సీఏ ఒప్పుకోలేదు, అందుకే అరవైల నాటి అమెరికా కథలో ఆయన గొంతు వినబడదు. ఆ లోటు చాలామంది గమనించరు. కారణం, పాటలు ఇక్కడ ఒకదాని తర్వాత ఒకటి వచ్చే అంశాలు కావు, ఊరంతా కమ్ముకున్న గాలి.

ఆ గాలిని పుట్టించినవాడు సినిమాకు శబ్దం కూర్చిన వాల్టర్ మర్చ్. రేడియోలే దిక్కయిన రోజుల్లో సాయంత్రం మన వీధిలో నడిచినవాళ్లకు ఈ అనుభవం కొత్త కాదు: ఈ గుమ్మం దగ్గర పల్లవి, నాలుగిళ్లు దాటేసరికి చరణం, పాట మాత్రం ఎక్కడా తెగదు. మొడెస్టో రోడ్ల మీద ప్రతి కారులోనూ అదే స్టేషన్, అదే పాట. ఒక కారు దగ్గరకొస్తే పాట విచ్చుకుంటుంది, దూరమైతే మసకబారుతుంది. స్టూడియోలో శబ్దం పెంచి తగ్గిస్తే ఈ మసక రాదు. లూకాస్, మర్చ్ కలిసి ఆ స్టేషన్ వ్యాఖ్యాత వోల్ఫ్‌మన్ జాక్ రేడియో కార్యక్రమం మొత్తాన్నీ ఒక ఇంటి పెరట్లో మోగించారు. లూకాస్ స్పీకరును పట్టుకుని అటూ ఇటూ తిప్పుతుంటే, దాదాపు యాభై అడుగుల దూరంలో మర్చ్ మైకును తన ఇష్టం వచ్చినట్టు తిప్పుతూ రికార్డు చేశాడు. ఒక్కోసారి రెండూ ఎదురెదురు, ఒక్కోసారి పెడముఖాలు. ఈ పని రెండుసార్లు చేశారు. మొదటిసారి ఎటు తిప్పారో రెండోసారికి గుర్తుండదు కనుక ఆ రెండు రికార్డింగులూ ఎక్కడా ఒకేలా ఉండవు.

మిక్సింగ్ బల్ల దగ్గరికి వచ్చేసరికి మర్చ్ చేతిలో మూడు ట్రాకులున్నాయి. ఒకటి స్టూడియోలోని శుభ్రమైన శబ్దం. మిగతావి పెరట్లో పట్టిన రెండూ, ఒకదానికొకటి రెండు మూడు ఫ్రేముల తేడాతో. ఈ మూడింటి పాళ్లు మారుస్తూ పోయాడు. ఇద్దరు మనసు విప్పి మాట్లాడుకుంటుంటే పాట వెనక్కి తగ్గి దూరపు వీధిలోకి పోతుంది. మాట ఆగగానే ముందుకొచ్చి ఒళ్లో వాలుతుంది. శుభ్రంగా వినబడేది ఈ క్షణం, మసకగా వినబడేది అప్పుడే జారిపోతున్న క్షణం అని నాకు అనిపిస్తుంది. ఒక్క మాట చెప్పకుండా ఒక వయసు చేజారుతున్న సంగతి చెవికి తెలియజేశాడాయన. సంగీత దర్శకుడు లేని సినిమాలో సంగీతం ఇంత పని చేయడం నేను మరెక్కడా వినలేదు.

వెలుతురు దగ్గరా ఇదే శ్రద్ధ. 1972 వేసవిలో, మొడెస్టోగా చూపించిన పెటలూమా వీధుల్లో ఎక్కువ భాగం రాత్రిపూటే షూటింగు. తొలి రాత్రుల ఫుటేజీ తేలిపోతే ఛాయాగ్రాహకుడు హాస్కెల్ వెక్స్‌లర్ సాయానికి వచ్చాడు. జ్యూక్‌బాక్స్ లోపలి రంగుల్లా ఉండాలన్నది లూకాస్ కోరిక. చవకైన టెక్నిస్కోప్ పద్ధతిలో తీసిన బొమ్మ కాస్త ముతకగా, రేణువులు రేణువులుగా ఉంటుంది. ఆ ముతకదనమే తెరకు పాత ఫొటో కళ తెచ్చింది. మొదట్లో టెర్రీ స్కూటరు అదుపు తప్పి గోడకు కొట్టుకోవడం కూడా నటుడు చార్లెస్ మార్టిన్ స్మిత్‌కు నిజంగానే జరిగింది. దాన్ని కత్తిరించకుండా ఉంచడం మంచి నిర్ణయం. ఆ పాత్ర ఎలాంటిదో మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది.

ఒక సన్నివేశం దగ్గర కాస్త ఆగాలి. తెల్ల థండర్‌బర్డ్ కారులో వెళ్తూ తనవైపు చూసి ఏదో అన్న అమ్మాయి కోసం కర్ట్ రాత్రంతా వెతుకుతాడు. చివరికి ఆమెకు కబురు పంపమని అడగడానికి ఊరి చివర రేడియో స్టేషనుకు వెళ్తాడు. లోపల ఒక గడ్డపాయన. ఫ్రిజ్ పాడైంది, పుల్ల ఐసులు కరిగిపోతున్నాయి, నువ్వూ ఒకటి తిను అంటాడు. వోల్ఫ్‌మన్ ఇక్కడ ఉండడు, టేపులు వస్తాయంతే అంటాడు. కర్ట్ చీటీ ఇచ్చి బయటికి నడుస్తూ వెనక్కి తిరిగి చూస్తే, అద్దం అవతల అదే మనిషి మైకు ముందు తోడేలులా ఊళ పెడుతున్నాడు. రాత్రంతా ప్రతి కారులోనూ మోగిన గొంతు చేతికి ఐసు జిడ్డు అంటిన ఈ మామూలు మనిషిదే. నిజజీవితంలోనూ రేడియో వ్యాఖ్యాతే అయిన వోల్ఫ్‌మన్ జాక్ ఇక్కడ కొంచెం కూడా అతి చేయలేదు. కర్ట్ ముఖంలోనూ నిరాశ కనబడదు. గుట్టు తెలిసినా గౌరవం తగ్గలేదు. ఎదగడమంటే ఏమిటో చెప్పడానికి లూకాస్‌కు కరిగిపోతున్న పుల్ల ఐసు చాలింది.

ఇక ముగింపు. విమానం ఆకాశంలోకి లేచాక నలుగురి ఫొటోలు, కింద ఒక్కో వాక్యం. మిల్నర్ 1964 డిసెంబరులో తాగి కారు నడిపినవాడి వల్ల చనిపోయాడు. టెర్రీ 1965 డిసెంబరులో వియత్నాంలోని ఆన్ లాక్ దగ్గర యుద్ధంలో గల్లంతయ్యాడు. స్టీవ్ మొడెస్టోలోనే ఇన్సూరెన్స్ ఏజెంటు. కర్ట్ రచయిత, కెనడాలో ఉంటున్నాడు. వెంటనే బీచ్ బాయ్స్ పాట హుషారుగా మొదలవుతుంది. అది 1964లో వచ్చిన పాట, అంటే కథ జరిగిన రాత్రికి రెండేళ్ల తర్వాతిది. ఇంకో సంగతి: సినిమాలో బీచ్ బాయ్స్ పాట రాగానే చిరాకు పడి రేడియో కట్టేసింది మిల్నరే. గాయకుడు బడ్డీ హాలీ పోయినప్పటి నుంచే రాక్ అండ్ రోల్ దిగజారిందని వాడి నమ్మకం. ఇప్పుడు వాడు పోయాడు, రేడియో కట్టేవాడు లేడు, పాట సాగిపోతోంది. ఇది తీపి మూట అనేవాళ్లకు నా జవాబు ఇదే.

కేల్ వేసిన ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు, ఆమెదే న్యాయం. లారీ, డెబీ, కేరోల్ అనే అమ్మాయిలు ముగ్గురూ మనతోనే రాత్రంతా తిరిగారు. డెబీగా వేసిన క్యాండీ క్లార్క్‌కు ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. వాళ్లేమయ్యారో ఒక్క వాక్యం లేదు. సహ రచయిత్రి గ్లోరియా కట్జ్ అప్పుడే అభ్యంతరం చెప్పింది. ఇంకో కార్డు వేస్తే ముగింపు సాగుతుందన్నాడు లూకాస్. ఇంత శ్రద్ధగా కట్టిన సినిమాకు ఇది పనితనంలోని లోపమే.

మొత్తం 7,77,000 డాలర్లతో తీసిన ఈ సినిమా థియేటర్ల నుంచి స్టూడియోకు 5 కోట్ల డాలర్లకు మించి తెచ్చిపెట్టింది. ఉత్తమ చిత్రం సహా ఐదు ఆస్కార్ నామినేషన్లు పొందింది. 1995లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలోకి ఎక్కింది. చూడనివాళ్లు చూడండి, చూసినవాళ్లు మళ్లీ వినండి. ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు, అందులో దగ్గరి పాటకూ దూరపు పాటకూ తేడా తెలియదు. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. చివర పేర్లు పడుతున్నాయని లేచిపోకుండా ఆ ఆఖరి పాట పూర్తయ్యేదాకా కూర్చోండి.