పాత్రకో బాకీ

నలుగురైదుగురు టేబుల్ చుట్టూ చేరి, ఒకరు కథ నడుపుతుంటే మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని మాటలతో, పాచికలతో ఆడే ఆట రోల్ ప్లేయింగ్ గేమ్. ఈ ఆట ఆడటం నాకిష్టం, నడపటమూ ఇష్టమే. కానీ నా ఖాళీ సాయంత్రాలు ఎక్కువగా పోయేది మాత్రం ఆడబోయేవాళ్ల కోసం పాత్రల టెంప్లేట్లు రాయడంలోనే.

టెంప్లేట్ అంటే సగం నింపిన పాత్ర. ఒకే ఒక్క కాగితం. పైన వృత్తి పేరుంటుంది. దాని కింద కొన్ని అంకెలు, ఏంచెయ్యగలరో చెప్పే నాలుగు వాక్యాలు, చేతిలో ఉన్న సామాను, ఎంచుకోవడానికి కొన్ని పేర్లు ఉంటాయి. మిగతా సగం ఆటగాళ్లు నింపుకుంటారు. కాగితం అందుకున్న పది నిమిషాల్లో ఆ మనిషి ఎవరో, ఇవాళ ఏ పని మీద ఇల్లు కదిలాడో వాళ్లకు తెలియాలి. మొదటిది రాయడం తేలిక. రెండోది రాయడానికి ఈ ఆట పుట్టిన దేశంలో కూడా చాలా ఏళ్లే పట్టింది.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చినప్పుడు అందులో మూడు రకాల పాత్రలే ఉండేవి. యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్ అనే పూజారి. దొంగ మరుసటి ఏడాది గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకంలో వచ్చి చేరాడు. మూడు పాచికలు వేసి వచ్చిన మొత్తాన్ని బలం కింద రాసుకోవాలి. మళ్లీ వేసి తెలివి, మళ్లీ వేసి ఓర్పు, అలా ఆరు గుణాలు. క్లెరిక్ పుట్టిన తీరు నాకు చాలా నచ్చుతుంది. ఆర్నెసన్ మిన్నెసోటాలో నడిపే బ్లాక్‌మూర్ ఆటలో ఒక ఆటగాడి రక్తపిశాచి పాత్ర ఎవరికీ లొంగనంతగా బలపడిపోయింది. దానికి ఎదురు నిలవడానికి ఈ పూజారిని తెచ్చారు. అంటే ఆ టెంప్లేట్‌కు మూలం పుస్తకాల్లో లేదు, ఆడుతున్న మనుషుల మధ్య వచ్చిన అవసరంలో ఉంది. అయితే ఈ నాలుగు కాగితాలూ ఆ పాత్ర ఏం చెయ్యగలదో చెబుతాయి తప్ప ఎందుకు చెయ్యాలో చెప్పవు. గుహలోకి ఎందుకు దిగుతున్నావంటే బంగారం కోసం. అంతకుమించి కారణం కావాలంటే ఆటగాడే వెతుక్కోవాలి.

1977లో మార్క్ మిల్లర్ రాసిన ట్రావెలర్‌లో పాత్రకు గతం వచ్చింది. అంతరిక్షంలో సాగే ఆట అది. నౌకాదళంలోనో సైన్యంలోనో వర్తకంలోనో పాత్ర గడిపిన ఉద్యోగ జీవితాన్ని నాలుగేళ్లకోసారి పాచికలు వేస్తూ తేల్చాలి. పాచిక వికటిస్తే ఆట మొదలుకాకముందే పాత్ర చచ్చిపోతుంది కూడా. బతికి బయటపడిన వర్తకుడికి అదృష్టముంటే సొంత ఓడ దొరుకుతుంది, దానితోపాటు నలభై ఏళ్ల నెలవారీ వాయిదాలూ దొరుకుతాయి. ఆ వాయిదా కట్టాలి కాబట్టి సరుకు వెయ్యాలి. సరుకు వెయ్యాలి కాబట్టి తెలియని గ్రహానికైనా పోవాలి. కథను ఎవరూ తోయకుండానే కదిలించే పద్ధతి ఇది. 1986లో వచ్చిన గర్ప్స్ వంద పాయింట్లిచ్చి పాత్రను కొనుక్కోమంది, లోపాలు ఒప్పుకుంటే కొన్ని పాయింట్లు వెనక్కిచ్చింది. లెక్కలంటే ఇష్టపడేవాళ్లకు అది పండగే. కొత్తగా వచ్చినవాళ్లు మాత్రం అన్ని జాబితాలు చూసి బెదిరిపోతారు.

టెంప్లేట్ అనే మాటకు ఈ రంగంలో నిజమైన గౌరవం తెచ్చింది 1987లో వెస్ట్ ఎండ్ గేమ్స్ ప్రచురించిన స్టార్ వార్స్ ఆట అని నా అభిప్రాయం. దాన్ని రాసింది గ్రెగ్ కాస్టిక్యాన్. ఆరు గుణాలకు కలిపి పద్దెనిమిది పాచికలు ముందే పంచేసి ఉంటాయి. ఆటగాడు చెయ్యాల్సింది మరో ఏడు పాచికల్ని తనకు నచ్చిన నైపుణ్యాల మీద పెట్టుకోవడమే. కాగితం మీద బొమ్మ, సామాను, పూర్వకథ, స్వభావం, ఆ మనిషి మాట్లాడే తీరు తెలిసేలా ఒక డైలాగు, మిగతా పాత్రలతో ఎలా పరిచయమై ఉండవచ్చో సూచించే కొన్ని వాక్యాలు, అన్నీ ఉంటాయి. ఇక ఆ టెంప్లేట్ల పేర్లు! ఓడిపోయిన జెడై. సామ్రాజ్యపు కొలువు వదిలి వచ్చేసిన కెప్టెన్. అందరి వెంటా పడే చిన్న పిల్లవాడు. పేరు వినగానే సగం కథ తెలిసిపోతుంది. దొంగరవాణా చేసే స్మగ్లర్‌కు అంతరిక్ష నౌక ఇచ్చారు, దానితోపాటు ఒక నేరస్థుల నాయకుడికి తీర్చాల్సిన అప్పు కూడా ఇచ్చారు. హడలు పుట్టించే ఆయుధాలున్న ఏ టెంప్లేట్‌కన్నా నా దృష్టిలో ఆ అప్పున్న టెంప్లేట్ గొప్పది. ఆ ఆటను నడిపేవారికి మొదటి రోజు ఏం జరగాలో ఆలోచించాల్సిన పనే ఉండదు. అప్పు అడగడానికి మనిషి వస్తాడు, అంతే.

ఆ తర్వాత ఇంత పెద్ద అడుగు పడింది 2010లో. విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ దంపతులు తెచ్చిన అపోకలిప్స్ వరల్డ్‌లో టెంప్లేట్‌ను ప్లేబుక్ అన్నారు. ఒక ప్లేబుక్ ఒక్కరికే. ఇద్దరు వైద్యులుండరు, ఇద్దరు పెత్తందార్లుండరు. ఎవరి చోటు వారిది. పెత్తందారుకు హార్డ్‌హోల్డర్ అని పేరు. అతనికో పేట, జనం, మందీమార్బలం ఉంటారు. ప్రతి సెషన్ మొదట్లో అతను రెండు పాచికలు వెయ్యాలి. బాగా పడితే ఆ పేటలో సమృద్ధి, పడకపోతే కరువో రోగమో మరేదో లోటు. అధికారమే అతనికి బరువు. మరో సంగతి ఏమిటంటే ప్రతి ప్లేబుక్‌లోనూ మిగతా ఆటగాళ్లను చూస్తూ తేల్చుకోవాల్సిన కొన్ని ప్రశ్నలుంటాయి. పాత్రలు ఒకరికొకరు ముందే తెలిసి ఉంటారు, ఎంత తెలుసో దానికీ ఒక అంకె ఉంటుంది. సత్రంలో అపరిచితుల్లా కలిసే తంతు అక్కడితో పోయింది.

వీటన్నిటి నుంచి నేను పట్టుకున్న సూత్రం ఒక్కటే. టెంప్లేట్‌లో మొదట రాయాల్సింది బలం కాదు, బాకీ. డబ్బు బాకీయే కానక్కర్లేదు. ఇచ్చిన మాట, దాచిన నిజం, చెయ్యక మిగిలిన పని, ఏదైనా సరే. అది ఎవరో ఒకరికి తీర్చాల్సినదై ఉండాలి, ఆ ఎవరో వీలైతే అదే టేబుల్ దగ్గర కూర్చుని ఉండాలి.

కొంతకాలంగా నేను తెలుగులో ఆడుకోవడానికి 1672 నాటి మచిలీపట్నం మీద ఒక ఆట కట్టుకుంటున్నాను. ఆ ఏడాది గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్ షా పోయి అబుల్ హసన్ తానీషా గద్దెనెక్కాడు. మాదన్న ప్రధాని కావడానికి ఇంకా కొద్దికాలమే ఉంది. రేవులో డచ్చివారు, 1611 నుంచి ఉన్న ఇంగ్లీషువారు, 1669లో దిగిన ఫ్రెంచివారు, వాళ్లందరికన్నా ముందునుంచీ పాతుకుపోయిన పారశీక వర్తకులు. గోల్కొండ 1687లో ఔరంగజేబు చేతికి పోతుందని ఆటగాళ్లకు తెలుసు, పాత్రలకు తెలియదు. ఈ ఊరిని ఎంచుకోవడానికి ముఖ్య కారణం మరొకటుంది. ఇక్కడి వ్యాపారమంతా బయానా మీద నడిచేది. కంపెనీలు వర్తకులకు ముందుగా డబ్బిచ్చేవి, వర్తకులు నేతగాళ్లకూ అద్దకంవాళ్లకూ ఇచ్చేవారు, సరుకు తర్వాత రావాలి. ఊళ్లో ప్రతి ఒక్కరూ ఎవరో ఒకరికి బాకీ. నేను కల్పించాల్సింది చాలా తక్కువ.

రెండు పక్షాల మధ్య మాట చేరవేసే దుబాసీ టెంప్లేట్ ఇలా ఉంటుంది. తెలుగు, పారశీకం, ఆనాటి తీరంలో వర్తకపు భాషగా చెల్లిన పోర్చుగీసు వచ్చు. ప్రత్యేక శక్తి ఒకటే: ఇద్దరి మధ్య మాట మార్చి చెప్పినప్పుడు రెండు పాచికలు వెయ్యి. మొత్తం 10, ఆపైన వస్తే ఇద్దరూ నమ్ముతారు. 7 నుంచి 9 వస్తే ఒకరికి అనుమానం వచ్చింది, ఎవరికో నువ్వే చెప్పు. 6, అంతకు తక్కువ వస్తే ఏం జరిగిందో ఆట నడిపేవారు చెబుతారు. కింద బాకీ: ఒకసారి కావాలనే తప్పు చెప్పావు. ఎవరి లాభం కోసం? ఆ సంగతి ఈ టేబుల్ దగ్గర ఎవరికి తెలుసు?

అద్దకం మేస్త్రి కాగితంలో చిరివేరు ఎరుపును చూసే కన్ను, చెక్క అచ్చులు, ఇద్దరు శిష్యులు ఉంటారు. బాకీ: రెండు వందల తానులకు బయానా తీసుకున్నావు. సరుకు లేదు. డబ్బు ఎక్కడికి పోయింది?

ఈ కాగితం మొదట మా వదిన చేతిలో పడింది. ఆవిడ అంతకుముందెప్పుడూ ఇలాంటి ఆట ఆడలేదు. అంకెల వైపు చూడనేలేదు. ప్రశ్న రెండుసార్లు చదువుకుని, "మా తమ్ముడి ఓడ మునిగిపోయింది, వాడి పిల్లలకిచ్చేశాను" అంది. తర్వాత దుబాసీ పాత్ర పట్టుకున్న కాలేజీ కుర్రాడి వైపు తిరిగింది.

"బాబూ, కంపెనీవాళ్లకి నువ్వేం చెప్పావు?"

"చిరివేరు దొరకట్లేదని చెప్పాను పిన్నిగారూ. నెల రోజులు ఆగుతారు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత మీరు నాకేం ఇస్తారో చెప్పండి."

నేను ఇంకా కథ మొదలుపెట్టనేలేదు.

ఒక చోట మాత్రం చాలా జాగ్రత్తగా నడవాలి. మన దేశపు 17వ శతాబ్దంలో వృత్తి రాస్తే పక్కనే కులం వచ్చి నిలబడుతుంది. అమెరికా ఆటలకూ ఇలాంటి పీటముడి ఒకటుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఏ జాతిలో పుడితే ఆ జాతికి ఇంత బలం, ఇంత తెలివి అని చాలాకాలం అంకెలు కట్టారు. 1981 నాటి బేసిక్ పుస్తకంలోనైతే ఎల్ఫ్, డ్వార్ఫ్ అని పుట్టడమే ఒక వృత్తి. 2020లో ఆ అంకెల్ని ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చన్నారు. 2024 పుస్తకంలో వాటిని పుట్టుక నుంచి తీసేసి, పెరిగిన నేపథ్యానికి ఇచ్చారు, జాతి అనే మాటనూ మార్చారు. యాభై ఏళ్లు పట్టినా సరైన చోటికే చేరారు.

మనం అక్కడినుంచే మొదలుపెట్టాలి. నా టెంప్లేట్లలో ఏ అంకే పుట్టుకకు చెందదు, నేర్చుకున్నదానికే చెందుతుంది. అద్దకం మేస్త్రి చేతికి ఆ నేర్పు ఏళ్ల తరబడి పనిచేస్తే వచ్చింది. లంబాడీ నాయకుడి కాగితం రాసేటప్పుడు ఈ నియమం మరీ గట్టిగా పాటించాను. తీరం నుంచి ఉప్పును ఎద్దుల మీద వేసుకుని దక్కనులోకి, అక్కడి ధాన్యాన్ని మరో చోటికి, యుద్ధకాలంలో సైన్యాలకు సైతం తిండిని మోసుకెళ్లినవాళ్లు వాళ్లు. తర్వాతి కాలంలో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం కింద వాళ్ల మీద వేసిన ముద్ర కథల్లోకీ సినిమాల్లోకీ ఎక్కి ఇప్పటికీ దిగలేదు. ఆ ముద్రను నైపుణ్యం పేరుతో కాగితం మీద మళ్లీ అచ్చు వెయ్యడం నాకు క్షమించరాని పని. లంబాడీ నాయకుడి ప్రత్యేక శక్తి దారి: ఏ కనుమ ఏ నెలలో తెరుచుకుని ఉంటుందో, ఏ చెరువులో నీళ్లుంటాయో అతనికి తెలుసు. బాకీ: కరువు పడిన ఒక ఊరికి ధాన్యం తెస్తానని మాటిచ్చావు, అంతకన్నా ఎక్కువ ధర మరొకరు ఇస్తామన్నారు.

అంటరానితనం, అధికారం, అవమానం ఆ కాలంలో ఉన్నాయి, ఆటలోనూ ఉంటాయి. కానీ అవి పాత్ర చుట్టూ ఉన్న లోకంలో ఉంటాయి, పాత్ర సామర్థ్యంలో ఉండవు. ఎంతవరకు వాటిని టేబుల్ మీదికి తేవాలో ఆడేవాళ్లంతా ముందే కూర్చుని మాట్లాడుకుంటాం. ఎవరైనా వద్దంటే వద్దు.

కొల్లూరు వజ్రాల గని నుంచి వచ్చిన మనిషి కాగితం ఇంకా తేలలేదు. పెద్ద రాళ్లన్నీ సుల్తానుకే చెందాలన్న నియమం ఉన్న కాలంలో అతని దగ్గర ఒక రాయి ఉంది. ఇది మరీ సులువైన బాకీ. రాయి ఉందంటే చాలు, మిగతా ముగ్గురూ దాని వెంటే పడతారు, అద్దకం మేస్త్రి బయానా సంగతి అందరూ మరిచిపోతారు. ఒక పాత్ర బాకీ మిగతా పాత్రల బాకీలను మింగేస్తే ఆ టెంప్లేట్ ఎంత బాగున్నా పనికిరాదు. రాయి తీసేసి, గనిలోనే వదిలేసి వచ్చిన ఒక మనిషిని రాస్తే ఎలా ఉంటుందా అని చూస్తున్నాను. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది, వెళ్లి చూద్దామన్నా కుదరదు.

ఖాళీల సంగతి కూడా చెప్పాలి. దుబాసీ ఎవరి లాభం కోసం అబద్ధమాడాడో నేనే రాసేయవచ్చు, కథ ఇంకా బిగువుగా ఉంటుంది కూడా. కానీ అప్పుడు ఆ అబద్ధం నాది అవుతుంది, ఆడేవాళ్లది కాదు. వదిన నోట వచ్చిన మునిగిన ఓడ నాకు తట్టేదే కాదు. అందుకే బాకీ ఉందని మాత్రం రాస్తాను, ఎలా వచ్చిందో రాయను. పేర్ల జాబితాలో కూడా చివర ఒక గీత ఖాళీగా వదులుతాను.

ఇది చదువుతున్నవాళ్లలో తమ ఊరి పాత వృత్తులు తెలిసినవాళ్లు ఉంటారు. ఉప్పు కొటారులో పనిచేసిన తాతలు, పడవలు కట్టిన మామయ్యలు, నీలిమందు తోటల కబుర్లు విన్న అమ్మమ్మలు మీ ఇళ్లలో ఉంటారు. వాళ్లు ఎవరి దగ్గర బయానా తీసుకునేవారు, మాట తప్పితే ఏం జరిగేది, ఆ లెక్క ఎవరు రాసేవారు, ఇవి అడిగి ఈ కాలమ్‌కు రాసి పంపండి. ఒక్కో ఉత్తరం నుంచి ఒక్కో టెంప్లేట్ కట్టి, తెలుగులో ఆడుకోవాలనుకునే ఎవరికైనా ఉచితంగా ఇస్తాను.