ప్యాడ్లు పట్టే చేతులు

రింగులో గెలిచినవాడి చెయ్యి పైకెత్తుతారు. ఆ చేతికి దమ్మిచ్చినవాడిని ఎవరూ పట్టించుకోరు. థాయ్‌లాండ్ యుద్ధకళ ముయే థాయ్ నేర్పే శిబిరాల్లో ప్యాడ్లు పట్టే గురువు పని అలాంటిది.

బ్యాంకాక్‌లో 1945లో తెరిచిన రాజదమ్నెన్ స్టేడియంలో సంప్రదాయ పోటీల్లో పేరు తెచ్చుకోవాలంటే 5 రౌండ్లు నిలబడాలి. ఒక్కో రౌండు 3 నిమిషాలు, మధ్యలో 2 నిమిషాల విరామం. పొద్దున్నే పరుగు, స్కిప్పింగ్ ఊపిరిని పెంచుతాయి. ఒళ్లు అలిసిపోయాక కూడా దెబ్బ గురి తప్పకుండా చూసేది మాత్రం ఈ గురువే. ముంజేతులకు మందపాటి ప్యాడ్లు, పొట్టకు తోలు పట్టీ. కాలు తగిలే క్షణానికి ప్యాడ్‌ను కాస్త ఎదురు తోస్తాడు. లేకపోతే ఆ తన్ను బరువంతా ఆయన మోచేతుల మీదే. కుర్రాడి చెయ్యి గడ్డం దగ్గర్నుంచి జారిందా, ప్యాడ్‌తో చెంప మీద ఒక్కటి తగిలిస్తాడు. ఊపిరి బిగబట్టాడంటే వదలమని గదమాయిస్తాడు. ఇక చివరి అర నిమిషంలో జాలన్నదే ఉండదు: ఒకే కాలితో వరసపెట్టి తన్నిస్తాడు.

ఒకడు దిగగానే ఇంకొకడు ఎక్కుతాడు. శిష్యులు వంతులవారీగా అలుస్తారు, ఆయనకు వంతుల్లేవు. దమ్ము నేర్పేవాడికి అందరికంటే ఎక్కువ దమ్ముండాలి మరి!