పంటు: సఖినేటిపల్లి రేవులో ఒక ప్రాచీనాంగ్ల పదం

వసిష్ఠ గోదావరికి ఒక గట్టున సఖినేటిపల్లి, మరో గట్టున నరసాపురం వైపు మాధవాయిపాలెం. ఈ రెండు రేవుల నడుమ మనుషులనూ వాహనాలనూ దాటించే చదునైన అడుగుగల నావ పేరు ‘పంటు’. దీనిని ఆంగ్ల ‘పంట్’కు గ్రామ్యరూపమని చెప్పి విడిచిపెట్టడం సులభం. పదచరిత్ర మాత్రం ఆ నిర్ణయాన్ని సమర్థించదు.

‘పంట్’ ప్రాచీనాంగ్లంలోనే ఉన్న మాట. దాని మూలం లాటిన్ ‘పోంతో’. క్రీ.పూ. మొదటి శతాబ్దిలో జూలియస్ సీజర్ గాల్ దేశీయుల ఓడలను ఈ పేరుతోనే పేర్కొన్నాడు. ‘పాంటూన్’ కూడా ఆ మూలం నుంచే ఫ్రెంచి మీదుగా వచ్చింది. అయితే తెలుగు మాటకు మాతృక పాంటూన్ కాదనే చెప్పాలి. అదే అయితే ‘పాంటూను’ కావలసింది. పంప్ ‘పంపు’ అయినట్లు పంట్ ‘పంటు’ కావడమే సహజం. బహువచనం ‘పంట్లు’ సైతం కోట్లు, గేట్ల బాటలోనే నడిచింది.

ఆంగ్లంలో పందెం కాయడం, బంతిని గాలిలో తన్నడం అనే అర్థాల్లోనూ ‘పంట్’ ఉంది. ఇవి నానార్థాలు కావు. పందెపు మాట ఫ్రెంచి నుంచి వేరుగా వచ్చింది. బంతిమాట పుట్టుక వివాదాస్పదం. రూపసామ్యం మాత్రమే ఉన్నచోట అర్థవికాసాన్ని వెదకడం పొరపాటు.

అసలు వికాసం నావ అర్థంలోనే కనిపిస్తుంది. నేటి ఇంగ్లండులో ‘పంట్’ అనగానే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి నదుల్లో గడకర్రతో తోసే విహారపు పడవే ముందుగా స్ఫురిస్తుంది. ఇది అర్థసంకోచం. సఖినేటిపల్లిలో అదే మాట బరువులు మోసే నావగా, లాటిన్ మూలానికి చేరువగా నిలిచింది. కృష్ణాతీరంలో ఇటువంటి సాధనానికే ‘బల్లకట్టు’ అన్న దేశ్యపదం వాడుకలో ఉంది. కనుక పంటును తెలుగు లేమికి గుర్తుగా చూపడం కూడా తగదు.

ఆదానం ఏకముఖంగానూ సాగలేదు. మాధవాయిపాలెం పేరే ‘మడపోలం’గా మారి ఆంగ్లంలో ఒక రకం నూలుబట్టకు పేరైంది, 1886 నాటి ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు దానిని నమోదు చేసింది. ఒక మాటను ఇచ్చిన రేవే మరో మాటను పుచ్చుకుంది.

వాడుకలో పంటు నావను దాటి ప్రయాణాన్నీ సూచిస్తుంది. ‘పంటు తప్పింది’ అంటే నావ దారి తప్పిందని కాదు, ఆ వేళకు దాటడం కుదరలేదని. నిఘంటువు ‘చదునైన పడవ’ అని ఒక్క అర్థమే ఇస్తే ‘ఆఖరి పంటు’ అన్న మాటకు అందులో చోటుండదు.