టీవీ వెనుక చిన్నపెట్టె ఇంకా నేర్చుకోవలసినవి

ఒక పరికరం మంచిదా కాదా అని తేల్చడానికి అది ప్రయోగశాలలో ఎలా పనిచేస్తుందో చూస్తే సరిపోదు. అది చేరబోయే ఇల్లు ఎలాంటిదో కూడా చూడాలి. ఇంటర్నెట్ నుంచి సినిమాలు, పాటలు, పాఠాలు తెచ్చి టీవీ తెర మీద చూపే చిన్న స్ట్రీమింగ్ ప్లేయర్ విషయంలో ఈ రెండో పరీక్షను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ పరీక్ష ఇక్కడ చేద్దాం.

ఈ రకం పరికరాలకు వయసు ఎక్కువేమీ లేదు. అమెరికాలో రోకు సంస్థ తన మొదటి పెట్టెను 2008లో అమ్మకానికి పెట్టింది. గూగుల్ క్రోమ్‌కాస్ట్ 2013లో వచ్చింది. అరచేతిలో ఇమిడే ఆ పరికరాన్ని నేరుగా టీవీకి తగిలిస్తే చాలు. మన దేశంలో అది 2014 డిసెంబరులోనూ, అమెజాన్ ఫైర్ టీవీ స్టిక్ 2017 ఏప్రిల్‌లోనూ అమ్మకానికి వచ్చాయి. ఇప్పుడు ఇదే ఏర్పాటును చాలా టీవీల్లో లోపలే అమరుస్తున్నారు. రూపం మారినా పని ఒకటే కాబట్టి ఇక్కడ చెప్పేవన్నీ వాటికీ వర్తిస్తాయి.

మన పరీక్షకు గుజరాత్‌లోని సూరత్ జిల్లా పల్సానాను ఎంచుకుందాం. 48వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న తాలూకా కేంద్రమిది. చుట్టుపక్కల అద్దకం మిల్లులు, పవర్‌లూమ్ షెడ్లు ఉన్నాయి. సూరత్ మరమగ్గాల మీద పనిచేసేవారిలో తెలంగాణ నుంచి తరతరాలుగా వలసవచ్చిన చేనేత కుటుంబాలవారు చాలామంది. అలాంటి ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. ఉండేది ఒకటే గది. తండ్రికి 12 గంటల షిఫ్టు, అదీ ఒక్కోసారి రాత్రిపూట. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో గుజరాతీనో హిందీనో చదువుతారు. ఇంటర్నెట్ వచ్చేది ఫోన్లోని ప్రీపెయిడ్ పథకం మీదనే. ఈ ఇంట్లో చిన్నపెట్టె ఎలా నెగ్గుకొస్తుంది?

పెట్టె లోపల ఏం జరుగుతుంది?

హెచ్‌డీ బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. మొత్తం 20,73,600. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు, సెకనుకు 25 బొమ్మలు కావాలనుకుందాం. గుణించి చూడండి: సెకనుకు 124 కోట్లకు పైగా బిట్లు! ఇంత సమాచారం మామూలు ఇంటర్నెట్ కనెక్షన్‌లో పట్టదు.

అందుకే దాన్ని కుదించి పంపుతారు. వార్తలు చదివే వ్యక్తి వెనుక ఉన్న గోడ ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మారదు. కాబట్టి గోడను మళ్ళీమళ్ళీ పంపకుండా, కదిలిన పెదవుల సమాచారం మాత్రం పంపితే చాలు. 2003 నాటి హెచ్.264, 2013 నాటి హెచ్ఈవీసీ, 2018 నాటి ఏవీ1 ప్రమాణాలు ఈ సూత్రాన్నే మరింత నేర్పుగా వాడతాయి. దీనివల్ల హెచ్‌డీ సినిమాకు సెకనుకు సుమారు 50 లక్షల బిట్లు, అంటే 5 మెగాబిట్లు సరిపోతాయి. కుదింపు దాదాపు 250 రెట్లు.

ఇంకో తెలివైన ఏర్పాటు కూడా ఉంది. సినిమాను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ప్రతి ముక్కనూ నాలుగైదు నాణ్యతల్లో సిద్ధంగా ఉంచుతారు. కనెక్షన్ జోరుగా ఉంటే పెట్టె మంచి ముక్కను అడుగుతుంది, మందగిస్తే తక్కువ నాణ్యత ముక్కను అడుగుతుంది. బొమ్మ కాసేపు మసకబారుతుంది కానీ ఆగిపోదు. ఇది మెచ్చుకోదగ్గ ఇంజనీరింగ్. చిక్కంతా దీన్ని ఎవరి అవసరానికి తగినట్లు సర్దారన్నదానిలో ఉంది.

డేటా లెక్క

సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున గంటకు 1,800 కోట్ల బిట్లు అవుతాయి. ఎనిమిదితో భాగిస్తే 225 కోట్ల బైట్లు, అంటే 2.25 గిగాబైట్లు. రోజుకు 1.5 గిగాబైట్ల పథకం ఉన్నవారికి అది సరిగ్గా 40 నిమిషాల్లో అయిపోతుంది. రెండున్నర గంటల తెలుగు సినిమాలో విశ్రాంతి కూడా రాకముందే కోటా ముగుస్తుందన్నమాట.

నాణ్యత పెంచే విషయంలో పెట్టె లైను వేగాన్ని మాత్రమే కొలుస్తుంది. జేబును కొలవదు. నాణ్యతను చేత్తో తగ్గించే వీలు చాలా సర్వీసుల్లో ఉన్నా, అది ఎక్కడో మెనూ లోపల ఉంటుంది. పైగా ఒక్కో యాప్‌లో ఒక్కోచోట ఉంటుంది. కాబట్టి మన మొదటి కోరిక ఇది: మొత్తం పెట్టెకంతటికీ ఒకే డేటా మీటరు ఉండాలి. సినిమా మొదలుపెట్టే ముందే "ఇది మంచి నాణ్యతలో 5.6 గిగాబైట్లు, సాధారణ నాణ్యతలో 1.7 గిగాబైట్లు తీసుకుంటుంది" అని చెప్పాలి. ఆటో ఎక్కేముందు మీటరు చూసుకునే హక్కు మనకుంది కదా, ఇది అంతకంటే పెద్ద కోరికేమీ కాదు.

రెండో కోరిక నిలవ చేసుకునే సౌకర్యం. రోజు కోటాలో మిగిలిన డేటా అర్ధరాత్రితో చెల్లిపోతుంది. ఆ మిగులుతో రేపటి పాఠాన్నో సినిమానో కొంచెం కొంచెంగా దించుకుని దాచుకోగలిగితే ఎంత ఆదా! ఫోన్లలో ఈ సదుపాయం ఎప్పటినుంచో ఉంది. టీవీ పెట్టెల్లో మాత్రం పెద్ద సర్వీసులు సాధారణంగా ఇవ్వవు. సినిమాను దొంగిలిస్తారనే భయం కారణమని అనవచ్చు. కానీ ఫోన్లో దించిన సినిమా కూడా తాళం వేసిన రహస్య లిపిలోనే ఉంటుంది, గడువు తీరగానే పనికిరాకుండా పోతుంది. ఫోన్‌కు చాలిన తాళం పెట్టెకు ఎందుకు చాలదు? ఇక చోటు సంగతి: సెకనుకు 3 మెగాబిట్ల నాణ్యతలో రెండున్నర గంటల సినిమా 3.4 గిగాబైట్లు అవుతుంది. చాలా స్టిక్కుల్లో ఉండే 8 గిగాబైట్ల నిలవ దీనికి ఇరుకే. 32 ఉంటే ఆరేడు సినిమాలు సులువుగా పడతాయి.

తెలుగు అక్షరానికి చోటు

కంప్యూటరు దృష్టిలో "జ్ఞా" ఒక అక్షరం కాదు. జ, పొల్లు, ఞ, దీర్ఘం అనే నాలుగు సంకేతాల వరస. వాటిని కలిపి ఒక ఆకారంగా గీయడం సాఫ్ట్‌వేర్ పని. 2018 ఫిబ్రవరిలో ఈ వరస మధ్యలో కంటికి కనిపించని మరో సంకేతం చేరినప్పుడు యాపిల్ పరికరాల్లో యాప్‌లు ఠపీమని ఆగిపోయాయి. ఫిబ్రవరి 19న ఆ సంస్థ ఐఫోన్లకే కాదు, తన టీవీ పెట్టెకు కూడా సవరణ పంపవలసి వచ్చింది. జ్ఞానం అనే మాటలోని మొదటి అక్షరమే యంత్రాన్ని పడగొట్టిందని అప్పట్లో నవ్వుకున్నాం. కానీ అందులో నేర్వవలసిన సంగతి ఉంది. కోట్లమంది చదివే లిపిని కూడా తయారీదారులు చివరికి, పైపైన మాత్రమే పరీక్షిస్తున్నారు.

వెతుకులాటలోనూ ఇదే అన్యాయం. తెర మీది ఇంగ్లీషు మీటలతో తెలుగు సినిమా పేరు కొట్టాలి. "ధ"కు రెండక్షరాలా ఒకటా, దీర్ఘానికి ఒక అచ్చా రెండా? ఒక్కో నిర్మాత పోస్టరు మీద ఒక్కో విధంగా రాస్తాడు. ఉచ్చారణ దగ్గరగా ఉన్న పేర్లన్నీ చూపే పద్ధతి కంప్యూటరు శాస్త్రానికి కొత్తదేమీ కాదు. దాన్ని మన పేర్లకు సరిపడేలా మలచాలి, అంతే.

అన్నిటికంటే ముఖ్యమైన కోరిక తెలుగు సినిమాకు, పాటకు తెలుగు లిపిలోనే ఉపశీర్షికలు. ఇప్పుడు తెలుగు సినిమాలకు ఇంగ్లీషు ఉపశీర్షికలు తరచుగా దొరుకుతాయి, తెలుగులో ఉన్నవి అరుదు. తెలుగు వినేవారికి తెలుగు అక్షరాలు ఎందుకని అడగవచ్చు. దీనికి జవాబు గుజరాత్‌లోనే ఉంది. అహ్మదాబాద్ ఐఐఎంకు చెందిన బ్రిజ్ కొఠారి 1996లో ఈ ఆలోచన చేశారు. పాట వినిపించే భాషలోనే దాని మాటలను తెర మీద చూపి, పాడుతున్న మాట రంగు మారేలా చేస్తే, అక్షరాలు సగం మరచినవారు కూడా తెలియకుండానే చదువుతారన్నది దాని సారాంశం. 1999లో అహ్మదాబాద్ దూరదర్శన్ గుజరాతీ సినిమా పాటల కార్యక్రమం "చిత్రగీత్"లో దీన్ని అమలు చేశారు. తర్వాత హిందీ పాటలకూ విస్తరించారు. క్రమం తప్పకుండా చూసినవారి చదివే శక్తి మెరుగుపడిందని పరిశీలనల్లో తేలింది.

మనం ఊహించుకున్న ఇంటికి ఇది ఎంత అవసరమో ఆలోచించండి. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక బడులు ఏడు మాధ్యమాల్లో నడుస్తాయి, వాటిలో తెలుగు ఒకటి. నిజంగా గొప్ప విషయమే. కానీ అలాంటి బడి అందుబాటులో లేని పిల్లలకు తెలుగు చెవికి మాత్రమే తెలిసిన భాషగా మిగిలిపోతుంది. అమ్మమ్మ మాట అర్థమవుతుంది, ఊరి బస్సు మీది బోర్డు అర్థం కాదు. రోజూ చూసే పాట కిందనే అక్షరాలు కదిలితే, ఖర్చు లేకుండా ఒక బడి నడిచినట్లే. తెలంగాణ ప్రభుత్వపు టీ-శాట్ తెలుగు పాఠాలు ఇంటర్నెట్‌లోనూ దొరుకుతున్నాయి. మొదటి తెర మీద కొత్త సినిమా ప్రకటన ఉన్నచోట ఇలాంటి పాఠాలకు ఒక చిన్న గడి ఇస్తే పోయేదేముంది?

నిద్రపోయేవారి సంగతి

రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు అదే గదిలో పడుకుంటాడు. పిల్లలు టీవీ పెడితే మాటలు వినపడవు. వినపడాలని శబ్దం పెంచితే ఫైటింగు రాగానే ఇల్లు అదురుతుంది. సినిమా ధ్వనిలో అతి సన్నని, అతి పెద్ద శబ్దాల మధ్య తేడా ఎక్కువగా ఉండటమే దీనికి కారణం. ఆ తేడాను తగ్గించే మార్గం కొన్ని పెట్టెల్లో ఉంది. 2013 నాటి రోకు 3 పెట్టెలో ఇంకో మంచి ఏర్పాటు ఉండేది. దాని రిమోట్‌లోనే ఇయర్‌ఫోన్ గుచ్చుకునే రంధ్రం పెట్టారు. ఇలాంటివి ఖరీదైన మోడళ్ళకు అలంకారాలుగా కాక, అన్నిటికంటే చౌక మోడల్లో తప్పనిసరిగా ఉండాలి. ఇరుకు గదుల్లో ఉండేది ఆ మోడలే.

పదేళ్ళకే ఆగిపోతే?

2025 మార్చి 9న ప్రపంచమంతటా 2015 నాటి రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ఒక్కసారిగా మొరాయించాయి. వాటిలో ఏ భాగమూ చెడిపోలేదు. ఆ పరికరం అసలుదేనని ఫోన్‌కు నిరూపించే డిజిటల్ ధ్రువపత్రాల వరసలో ఒకదాని పదేళ్ళ గడువు ఆ రోజుతో ముగిసింది. అంతే! నిన్నటిదాకా నమ్మిన యాప్ "దీన్ని నమ్మలేను" అని తిప్పికొట్టింది. కొన్ని రోజుల తర్వాత గూగుల్ సవరణ పంపింది. అప్పటికి ఆ వరస పరికరాల ఉత్పత్తే ఆగిపోయింది, 2024 ఆగస్టులోనే.

సర్కస్ పులికి గంట కొట్టినప్పుడే తిండి దొరికినట్లు, ఈ పెట్టె దూరాన ఉన్న కంపెనీ అనుమతితోనే బతుకుతుంది. కాబట్టి రెండు విషయాలు కోరాలి. ఒకటి, సాఫ్ట్‌వేర్ సవరణలు ఎప్పటిదాకా వస్తాయో అట్ట మీద అచ్చువేయాలి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఈ గడువును ప్రకటించడం చట్టప్రకారం తప్పనిసరి. రెండు, ఇంటర్నెట్ లేకపోయినా, కంపెనీ సర్వర్ లేకపోయినా పెన్‌డ్రైవ్‌లోని సినిమాను, పక్కనున్న ఫోన్లోని పాఠాన్ని చూపగలగాలి. వెయ్యి గంటల షిఫ్టుల డబ్బు పెట్టి కొనకపోవచ్చు, అయినా కష్టార్జితంతో కొన్న వస్తువు మంచి స్థితిలో ఉండగా చెత్తకుప్పలో పడటం సైన్సుకు గౌరవం కాదు.

ఎవరు ఎవరిని చూస్తున్నారు?

మనం టీవీ చూస్తున్నంతసేపూ టీవీ కూడా మనల్ని గమనిస్తోంది. 2019లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరికొందరితో కలిసి చేసిన పరిశీలనలో రోకు చానళ్ళలో 69 శాతం, ఫైర్ టీవీ చానళ్ళలో 89 శాతం వీక్షకుల జాడ పట్టే సర్వర్లతో మాట్లాడుతున్నట్లు తేలింది. 2017లో విజియో అనే టీవీల సంస్థ అనుమతి లేకుండా వీక్షణ వివరాలు సేకరించిందన్న కేసును 22 లక్షల డాలర్లు చెల్లించి పరిష్కరించుకుంది. 2023 నవంబరులో ఫైర్ టీవీలు ఆన్ చేయగానే ప్రకటనలు వాటంతటవే మొదలయ్యే పద్ధతి వచ్చింది. డేటాను కొలిచి వాడే ఇంట్లో ఈ ప్రకటన ఖర్చు కూడా ఇంటివాళ్ళదే.

పరికరాన్ని తక్కువ ధరకు ఇస్తున్నాం కాబట్టి ఈ ఆదాయం కావాలని కంపెనీలు అంటాయి. ఆ వాదనను పూర్తిగా కొట్టిపారేయలేం. అలాంటప్పుడు అసలు ధర ఎంతో చెప్పి, ప్రకటనలు లేని పెట్టెను కూడా పక్కనే అమ్మాలి. పిల్లల కదలికలను గమనించడాన్ని, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపడాన్ని 2023లో మన పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం నిషేధిస్తోంది. ఇంటిల్లిపాదీ కలిసి చూసే ఒకే తెర దగ్గర ఎవరు పిల్లలో, ఎవరు పెద్దలో పెట్టెకు ఎలా తెలుస్తుంది? తెలియనప్పుడు ఎవరినీ గమనించకపోవడమే సరైన పద్ధతి.

కొనేముందు అయిదు ప్రశ్నలు

పైన కోరినవాటిలో ఏదీ కొత్త ఆవిష్కరణ కాదు. నిలవ సౌకర్యం ఫోన్లలో ఉంది, ఉపశీర్షికల ప్రయోగం పాతికేళ్ళ కిందటిది, ఇయర్‌ఫోన్ రంధ్రం 2013 నాటిది. లేనిది వీటన్నిటినీ ఒకే చౌక పెట్టెలో కూర్చే శ్రద్ధ మాత్రమే.

మీ ఇంట్లో ఇలాంటి పరికరం ఉంటే ఒక ప్రయోగం చేయండి. గంటసేపు సినిమా చూడకముందు, చూసిన తర్వాత ఫోన్లో డేటా ఎంత మిగిలిందో రాసుకోండి. గిగాబైట్లను 8,000తో గుణించి 3,600తో భాగిస్తే సెకనుకు ఎన్ని మెగాబిట్లు వాడిందో తెలుస్తుంది. నాణ్యత తగ్గించి మళ్ళీ కొలవండి. మీ కంటికి తేడా తెలిసిందా? తెలియకపోతే ఆ పై డేటా అంతా వృథాయే.

కొత్తది కొనడానికి వెళితే దుకాణదారును ఇవి అడగండి: డేటాకు హద్దు పెట్టవచ్చా? నిలవ ఎంత? తెలుగు అక్షరాలు సరిగా చూపుతుందా? సవరణలు ఎన్నేళ్ళు వస్తాయి? ఇంటర్నెట్ లేకపోతే ఏం చేస్తుంది? ఆయన దగ్గర జవాబులు ఉండకపోవచ్చు. కానీ పదిమంది అడిగితే ఆయన డీలరును అడుగుతాడు, డీలరు కంపెనీని అడుగుతాడు.